లోపల చేరిన జీవి చివరిదాకా వదలనిది: ట్రాన్స్‌లేషన్‌కీ సహజీవనానికీ ఉన్న లింకు

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ట్రాన్స్‌లేషన్, అంటే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏని (జన్యువు నుంచి తీసిన నకలు) చదివి ప్రోటీన్ తయారుచేసే పని, అన్ని జీవుల్లో దాదాపు ఒకేలా జరుగుతుందని పుస్తకాల్లో ఉంది కదా, మరి ఒక జీవి ఇంకో జీవి లోపల చేరి దగ్గరి సంబంధంతో బతికేటప్పుడు ఈ పనిలో ఏమైనా మార్పు వస్తుందా అన్నది మొదటిది. వస్తే దాన్ని సీక్వెన్స్ డేటాలో ఎలా పట్టుకోవాలి అన్నది రెండోది. కీటకాల లోపల ఉండే బ్యాక్టీరియాల జీనోమ్‌లతో (వాటి మొత్తం డీఎన్‌ఏతో) చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి నా ఉదాహరణలు అటువైపే ఎక్కువ మొగ్గుతాయి, ముందే చెప్పేస్తున్నా.

మార్పు వస్తుంది. పైగా సంబంధం ఎంత ముదిరిందో తెలుసుకోడానికి ట్రాన్స్‌లేషన్‌ని మించిన ఆనవాలు నాకు కనిపించలేదు. ఇంకొకరి కణంలో స్థిరపడ్డ జీవి తన జన్యువుల్ని తరతరాలుగా పోగొట్టుకుంటూ పోతుంది. పోషకాలు తయారుచేసుకునేవి పోతాయి, కణకవచం కట్టుకునేవి పోతాయి, డీఎన్‌ఏ మరమ్మతు చేసేవి పోతాయి. ప్రోటీన్లు చేసే యంత్రం, అంటే రైబోజోమ్, మాత్రం దాదాపు ఆఖరిదాకా ఉంటుంది. ఒకే ఇంట్లో ఉంటూ వేరు కుంపటి పెట్టుకున్నట్టన్నమాట. అందుకే కొత్త జీనోమ్ చేతికొచ్చినప్పుడు నేను ముందు చూసేవి మూడు: రైబోజోమ్ ఎవరిది, టీఆర్‌ఎన్‌ఏలు (అమైనో ఆమ్లాల్ని రైబోజోమ్‌కి మోసుకొచ్చేవి) ఎవరివి, ఆ టీఆర్‌ఎన్‌ఏలకి సరైన అమైనో ఆమ్లాన్ని తగిలించే సింథటేజ్ ఎంజైములు ఎవరివి.

"దగ్గరి సంబంధం" అంటే చుట్టరికం అని కూడా తీసుకోవచ్చు కాబట్టి దాని గురించి కొంచెం. జీవుల చుట్టరికాన్ని ఇవాళ మనం కొలిచే పద్ధతి మొదలైందే ట్రాన్స్‌లేషన్ యంత్రం నుంచి. రైబోజోమ్ చిన్న ఉపభాగంలో ఉండే ఆర్‌ఎన్‌ఏ (బ్యాక్టీరియాలో 16ఎస్, దాదాపు 1,500 అక్షరాల పొడవు) ప్రతి జీవిలోనూ ఉంటుంది, చేసే పని ఒకటే, చాలా నెమ్మదిగా మారుతుంది. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ దీన్ని పోల్చి చూసి, అప్పటిదాకా బ్యాక్టీరియా అనుకున్నవాటిలో ఒక గుంపు అసలు బ్యాక్టీరియానే కాదని చెప్పారు. ఇప్పుడు వాటిని ఆర్కియా అంటున్నాం. మన ప్రశ్నకి ఇక్కడ పనికొచ్చే సంగతి వేరే ఉంది. మైటోకాండ్రియా, క్లోరోప్లాస్ట్ ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియాలేనని 1967లో లిన్ మార్గులిస్ వాదించినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. ఆ వాదన నిలబడిందంటే వాటి సొంత రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ వల్లే. మొక్క కణంలో ఉంటూనే క్లోరోప్లాస్ట్ ఆర్‌ఎన్‌ఏ సయానోబ్యాక్టీరియాతో కలిసింది, మైటోకాండ్రియాది ఆల్ఫా ప్రోటియోబ్యాక్టీరియాతో కలిసింది. చుట్టరికం కొలిచే కొలబద్దే సహజీవనాన్ని బయటపెట్టింది.

మైటోకాండ్రియా దగ్గరే కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఆ సంబంధపు బరువు మన ఒంట్లోనే తెలుస్తుంది. మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ పొడవు 16,569 బేస్ జతలు, అందులో జన్యువులు 37. వాటిలో ప్రోటీన్లకి సంబంధించినవి 13 మాత్రమే. మిగతా 24 ఆ పదమూడింటిని తయారుచేయడానికి కావలసిన సామాను: 22 టీఆర్‌ఎన్‌ఏలు, 2 రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలు. ఆ రైబోజోమ్‌లో ఉండే ప్రోటీన్లు దాదాపు 80, అవన్నీ కేంద్రకంలోని జన్యువుల నుంచి తయారై బయటినుంచి దిగుమతి అవుతాయి. సింథటేజులూ అంతే. అంటే పదమూడు ప్రోటీన్ల కోసం కణం రెండో ట్రాన్స్‌లేషన్ వ్యవస్థని మొత్తంగా పోషిస్తోంది. ఇంత ఖర్చు ఎందుకు పెడుతుందన్నదానికి రెండు వాదనలున్నాయి. ఆ ప్రోటీన్లు పొరలో ఇమిడిపోయే రకం కాబట్టి బయట చేసి లోపలికి తేవడం కష్టమని ఒకటి. శక్తి ఉత్పత్తి గొలుసుని అక్కడికక్కడే అదుపు చేయాలంటే జన్యువు పక్కనే ఉండాలని రెండోది. నాకు రెండూ కొంతకొంత నిజమేననిపిస్తుంది.

ఈ పాత బ్యాక్టీరియా అలవాటు వల్ల మనకి ఇబ్బందులు కూడా ఉన్నాయి. బ్యాక్టీరియా ప్రోటీన్ తయారీని ఫార్మైల్ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలుపెడుతుంది. మన కణద్రవ్యంలోని రైబోజోములు మామూలు మెథియోనిన్‌తో మొదలుపెడతాయి. ఈ తేడాని మన తెల్లరక్తకణాలు వాడుకుంటాయి: ఫార్మైల్ ఉన్న ముక్క కనిపిస్తే బ్యాక్టీరియా చొరబడిందని అటు పరుగెత్తుతాయి. కానీ మైటోకాండ్రియా కూడా ఫార్మైల్ మెథియోనిన్‌తోనే మొదలుపెడుతుంది. పెద్ద దెబ్బ తగిలి కణాలు చితికినప్పుడు మైటోకాండ్రియా ముక్కలు రక్తంలోకి వస్తాయి, ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకపోయినా సెప్సిస్ లాంటి తీవ్రమైన వాపు మొదలవుతుంది. 2010లో ఈ సంగతి గాయపడిన రోగుల రక్తంతో చూపించారు. అంత పాత కాపురం, అయినా మన రోగనిరోధక వ్యవస్థ ఇంకా దాన్ని పరాయిదిగానే గుర్తుపడుతోంది.

యాంటీబయాటిక్స్ కథా ఇదే. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ లాంటివి బ్యాక్టీరియా రైబోజోమ్‌ని దెబ్బతీస్తాయి. మైటోకాండ్రియా 12ఎస్ ఆర్‌ఎన్‌ఏలో 1555వ స్థానంలో ఎ బదులు జి ఉన్నవాళ్లలో ఆ భాగం బ్యాక్టీరియాదాన్ని ఇంకాస్త ఎక్కువ పోలి ఉంటుంది. అలాంటివాళ్లకి ఈ మందులిస్తే వినికిడి పోయే ప్రమాదం ఎక్కువ. ఆ మార్పు తల్లి వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆ కుటుంబంలో తల్లి తరఫువాళ్లందరినీ అడగాల్సి ఉంటుంది.

ఇప్పుడు నా ఇలాకాకి వస్తాను. మొక్కల రసం పీల్చి బతికే పురుగులకి ఆ రసంలో చక్కెర దండిగా దొరుకుతుంది గానీ అవసరమైన అమైనో ఆమ్లాలు చాలవు. ఆ లోటుని వాటి కణాల్లోనే ఉండే బ్యాక్టీరియా తీరుస్తుంది. పేనుబంకలో ఉండే బుక్‌నెరా జీనోమ్ 2000లో పూర్తయింది: సుమారు 6.4 లక్షల బేస్ జతలు. దాని దూరపు చుట్టం ఈ.కోలైకి 46 లక్షలు. 2006లో సిల్లిడ్ అనే చిన్న పురుగులోని కార్సొనెల్లా జీనోమ్ వచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు, 1.6 లక్షలే. ఆ తర్వాత దీపపు పురుగుల జాతికి చెందిన కీటకాల్లోని నాసుయా 1.12 లక్షలతో దాన్నీ దాటేసింది. ప్రోటీన్ జన్యువులు 137. ఈ జాబితాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే రెండు రకాల జన్యువులే గట్టిగా నిలిచాయని తెలుస్తుంది. ఆతిథ్యమిచ్చిన పురుగుకి కావలసిన అమైనో ఆమ్లాలు చేసేవి ఒకటి, అంటే ఇంటి అద్దె. రెండోది ట్రాన్స్‌లేషన్.

అద్దె కట్టని అద్దెదారు అయితే? అక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సముద్రంలో వేడినీటి బుగ్గల దగ్గర దొరికిన నానోఆర్కియమ్ ఈక్విటాన్స్ అనే ఆర్కియా ఇంకో ఆర్కియాకి అంటిపెట్టుకుని బతుకుతుంది. 2002లో దీని గురించి ప్రకటించారు, జీనోమ్ 4.9 లక్షలు. అమైనో ఆమ్లాలు, కొవ్వులు, న్యూక్లియోటైడ్లు, దాదాపు ఏవీ సొంతంగా చేసుకోలేదు. ప్రోటీన్ తయారీ సరంజామా మాత్రం సొంతం. అదీ ఎలాంటిది! కొన్ని టీఆర్‌ఎన్‌ఏ జన్యువులు రెండు ముక్కలై జీనోమ్‌లో దూరదూరంగా పడున్నాయి. విడివిడిగా తయారైన ఆ రెండు ముక్కల్నీ తర్వాత అతికించుకుంటుంది. 2025లో ప్రకటించిన సుకునా ఆర్కియమ్ ఇంకా ముందుకెళ్లింది. డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవితో ముడిపడి దొరికిన దీని జీనోమ్ 2.38 లక్షలు, అందులో ఉన్నవి దాదాపుగా డీఎన్‌ఏ నకలు తీయడం, ఆర్‌ఎన్‌ఏ చేయడం, ప్రోటీన్ చేయడం, ఈ మూడు పనుల జన్యువులే. వైరస్‌కీ కణానికీ మధ్య గీత ఎక్కడ గీయాలని పాఠంలో అడిగితే నేనైతే దీన్నే చూపిస్తాను. రైబోజోమ్ సొంతమైతే కణం, లేకపోతే వైరస్. ఇంత కురచ జీనోమ్ ఉన్న చోట కూడా ఆ గీత చెరగలేదు.

చెరగడం మొదలైన చోటు కూడా ఒకటుంది. పిండినల్లి లోపల ట్రెంబ్లేయా అనే బ్యాక్టీరియా ఉంటుంది, దాని లోపల మొరనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా ఉంటుంది. పురుగులో బ్యాక్టీరియా, బ్యాక్టీరియాలో బ్యాక్టీరియా. ట్రెంబ్లేయా జీనోమ్ 1.39 లక్షలు. 2011లో దాన్ని చదివినప్పుడు తెలిసిందేమిటంటే పనిచేసే సింథటేజ్ జన్యువు ఒక్కటి కూడా లేదు. రైబోజోమ్ ఉంది గానీ టీఆర్‌ఎన్‌ఏకి అమైనో ఆమ్లం తగిలించేవాళ్లు లేరు. లోపలున్న మొరనెల్లా జీనోమ్ 5.38 లక్షలు, అందులో ఆ ఎంజైములున్నాయి. లోపలి కణాలు పగిలినప్పుడు వాటి సామాను ట్రెంబ్లేయాకి అందుతుందని ఒక ఊహ. అది తేలేలోపు ఒకటి మాత్రం చెప్పొచ్చు: సింథటేజులు పోయిన రోజున ఆ జీవి ఒంటరిగా బతికే దారి మూసుకుపోయింది. అమైనో ఆమ్లమైతే బయటినుంచి పీల్చుకోవచ్చు, సింథటేజ్ అంత పెద్ద ప్రోటీన్‌ని అలా పీల్చుకోవడం కుదరదు.

ఇక అందరికీ ఆసక్తి కలిగించే విషయం, కోడ్ మారడం. యూజీఏ అనే కోడాన్ (ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలోని మూడక్షరాల మాట) పుస్తకంలో "ఆపు" అని ఉంటుంది. మనిషి మైటోకాండ్రియాలో అది ట్రిప్టోఫాన్ అని 1979లో తేలింది. 1985లో మైకోప్లాస్మాలో అదే మార్పు కనిపించింది, అదీ పరాన్నజీవే. తర్వాత సికాడాలోని హాడ్జ్‌కినియా, కొన్ని ఉమ్మి పురుగుల్లోని జిండేరియా, ముందు చెప్పిన నాసుయా, అన్నిటిలోనూ యూజీఏ ట్రిప్టోఫాన్‌గా మారింది. వీటిలో మైకోప్లాస్మా, హాడ్జ్‌కినియా, జిండేరియా ఒకదానికొకటి దగ్గరి చుట్టాలేమీ కావు. వేర్వేరుగా ఇంకొకరి లోపల చేరి, వేర్వేరుగా ఒకే కోడాన్‌ని మార్చుకున్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు.

ఎందుకంటే: బ్యాక్టీరియాలో ప్రోటీన్ తయారీని ఆపే రిలీజ్ ఫ్యాక్టర్లు రెండున్నాయి. మొదటిది యూఏఏ, యూఏజీ దగ్గర ఆపుతుంది. రెండోది యూఏఏ, యూజీఏ దగ్గర. యూఏఏని ఇద్దరూ చూసుకుంటారు. కాబట్టి జన్యువులు రాలిపోతున్న జీనోమ్‌లో రెండో ఫ్యాక్టర్ పోతే వచ్చే నష్టం యూజీఏతో ముగిసే కొద్ది జన్యువులకే. జన్యువుల సంఖ్యే వందల్లో ఉన్నప్పుడు అవి వేళ్లమీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. ఇటు ట్రిప్టోఫాన్ టీఆర్‌ఎన్‌ఏ మామూలుగా యూజీజీని చదువుతుంది, దాని ఆంటీకోడాన్ (కోడాన్‌కి జతకట్టే మూడక్షరాలు) సీసీఏ. అందులో మొదటి అక్షరం యూగా మారితే యూజీజీతోపాటు యూజీఏని కూడా చదవగలదు. ఒక్క అక్షరం మార్పు, కోడ్ మారిపోయింది. యూఏజీకి ఇలాంటి పొరుగు ఇంత సులువుగా దొరకదు.

ముందు ఏది జరుగుతుందన్న దాని మీద వాదం ఉంది. సుసుము ఒసావా, థామస్ జ్యూక్స్ చెప్పిన పాత వాదం ప్రకారం జీనోమ్‌లో ఏ, టీ అక్షరాలు బాగా పెరిగినప్పుడు యూజీఏలన్నీ యూఏఏగా మారిపోయి, యూజీఏ ఖాళీ అయ్యాక దాన్ని టీఆర్‌ఎన్‌ఏ ఆక్రమిస్తుంది. మైకోప్లాస్మాకి అది బాగా సరిపోతుంది. 2009లో హాడ్జ్‌కినియా వచ్చి దాన్ని ఇబ్బందిలో పెట్టింది. దాని జీనోమ్ 1.44 లక్షలే, కానీ జీ, సీ అక్షరాల వాటా 58 శాతం. అక్షరాల వాలు అటువైపు లేకపోయినా కోడ్ మారింది. అంటే అసలు కారణం జీనోమ్ కుదించుకుపోయి రిలీజ్ ఫ్యాక్టర్ పోవడమే కావాలి. నా మొగ్గు ఈ రెండో వాదన వైపే. సహజీవనం వల్ల జీవుల సంఖ్య చిన్న గుంపులకి పడిపోతుంది, చిన్న గుంపుల్లో కొద్దిపాటి హాని చేసే మార్పులు కూడా వడపోతకి చిక్కకుండా నిలిచిపోతాయి, వాటిలో ఇదొకటి.

కాబట్టి "కోడ్ తేడా వల్ల సంబంధం దగ్గరైందా, సంబంధం వల్ల కోడ్ మారిందా" అన్నదానికి ఈ కేసుల్లో జవాబు రెండోదే. కానీ మారిన కోడ్ తిరిగి సంబంధాన్ని బిగిస్తుంది. కోడ్ వేరైన జీవి బయటి జీవుల జన్యువుల్ని తెచ్చుకుని వాడుకోలేదు, దాని జన్యువులు బయటికి పోయినా అక్కడ మధ్యలోనే తెగిపోతాయి. వైరస్‌లకీ అదే అడ్డంకి. ప్రయోగశాలలో దీన్ని కావాలనే చేసి చూశారు. 2019లో జేసన్ చిన్ బృందం ఈ.కోలై జీనోమ్ మొత్తం తిరగరాసి 61 కోడాన్లతో నడిచే సిన్61ని చేసింది. తర్వాత అక్కర్లేని టీఆర్‌ఎన్‌ఏలని, ఒక రిలీజ్ ఫ్యాక్టర్‌ని తీసేస్తే చాలా రకాల ఫేజ్‌లు (బ్యాక్టీరియాని పట్టే వైరస్‌లు) అందులో పెరగలేకపోయాయి. ఇక వైరస్ భయమే లేదనుకునేలోపే, సొంత టీఆర్‌ఎన్‌ఏలు మోసుకొచ్చే ఫేజ్‌లు దాన్ని ఛేదిస్తాయని ఇంకో బృందం చూపించింది.

లోపల చేరిన బ్యాక్టీరియాని ఎప్పటినుంచి కణాంగం అనాలి? నా వరకు గీత ఇది: ఆతిథ్య కణం రైబోజోముల మీద తయారైన ప్రోటీన్లు క్రమం తప్పకుండా లోపలికి వెళ్తుంటే అది కణాంగమే. పౌలినెల్లా అనే అమీబాలో సుమారు పదికోట్ల ఏళ్ల క్రితం చేరిన సయానోబ్యాక్టీరియా అలా మారింది, వందల రకాల ప్రోటీన్లు బయటే తయారై లోపలికి వెళ్తున్నాయి. 2024లో సముద్రపు ఆల్గా బ్రారుడోస్ఫేరాలో నత్రజనిని స్థిరీకరించే యూసీవైఎన్-ఎ విషయంలోనూ అదే రుజువు చూపించి, దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. ఈ దారిలో బాగా దూరం వెళ్లినవీ ఉన్నాయి. ట్రిపనోసోమాలు అనే పరాన్నజీవుల మైటోకాండ్రియా డీఎన్‌ఏలో టీఆర్‌ఎన్‌ఏ జన్యువు ఒక్కటీ లేదు, మొత్తం బయటినుంచే తెచ్చుకుంటుంది. మైక్రోస్పోరిడియాలు అనే పరాన్నజీవుల్లోని మైటోసోమ్‌కైతే (మైటోకాండ్రియా అవశేషానికి) డీఎన్‌ఏ లేదు, రైబోజోమ్ లేదు. కుంపటి ఆరిపోయింది. అదీ ఒకప్పటి బ్యాక్టీరియానేనని చెప్పడానికి కొన్ని దిగుమతి ప్రోటీన్లు తప్ప వేరే ఆధారం మిగల్లేదు.

శత్రుత్వం కూడా దగ్గరి సంబంధమే కాబట్టి వైరస్‌లని వదలకూడదు. వాటికి రైబోజోమ్ లేదు, అందుకే పోరంతా ఇంకొకరి రైబోజోమ్‌ని ఎవరు వాడుకోవాలన్న దాని చుట్టూనే. పోలియో వైరస్ మన ఈఐఎఫ్4జీ ప్రోటీన్‌ని కోసేస్తుంది. మన ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలు చాలావరకు రైబోజోమ్‌ని చేరలేకపోతాయి, వైరస్ ఆర్‌ఎన్‌ఏ మాత్రం తన లోపలి మడతల ఆధారంగా నేరుగా రైబోజోమ్‌ని పట్టుకుంటుంది. నాకు బాగా నచ్చేది ఈ.కోలై, టీ4 ఫేజ్ పోరు. ఫేజ్ దాడి చేయగానే కొన్ని ఈ.కోలై రకాలు పీఆర్‌ఆర్‌సీ అనే ఎంజైముతో తమ లైసిన్ టీఆర్‌ఎన్‌ఏనే కోసేసుకుంటాయి. నేను పోయినా సరే, నువ్వు మాత్రం ప్రోటీన్ చేసుకోకూడదన్న ధోరణి. టీ4 ఊరుకోదు, కోసిన టీఆర్‌ఎన్‌ఏని రెండు ఎంజైములతో మళ్లీ అతికిస్తుంది. అవే పాలీన్యూక్లియోటైడ్ కైనేజ్, ఆర్‌ఎన్‌ఏ లైగేజ్. మీ ల్యాబ్ ఫ్రీజర్‌లో ఇప్పుడు కూడా ఉండే ఉంటాయి, చాలామంది వాటిని ఎందుకు పుట్టాయో తెలియకుండానే వాడేస్తుంటారు. పెద్ద వైరస్‌లు ఇంకో మెట్టు ఎక్కాయి. మిమివైరస్‌లో 4 సింథటేజులు దొరికాయి, 2018లో ప్రకటించిన టుపాన్‌వైరస్‌లో మొత్తం 20 అమైనో ఆమ్లాలకీ ఉన్నాయి. అయినా రైబోజోమ్ లేదు.

విషాల్లోనూ ఇదే లక్ష్యం. డిఫ్తీరియా విషం మన ఈఎఫ్2 అనే ఎలాంగేషన్ ఫ్యాక్టర్‌ని (ప్రోటీన్ గొలుసు పెరగడానికి తోడ్పడేదాన్ని) పాడుచేస్తుంది, కణంలోకి చేరిన ఒక్క అణువు ఆ కణాన్ని చంపడానికి చాలు. ఆ విషం జన్యువు బ్యాక్టీరియాది కాదు, బ్యాక్టీరియాలో దాగిన ఫేజ్‌ది. అయితే ఇలాంటి విషమే ఒకచోట రక్షణగా మారింది. డ్రోసోఫిలా నియోటెస్టేసియా అనే ఈగని ఒక నులిపురుగు పట్టి గొడ్డుదాన్ని చేస్తుంది. ఈగలో స్పైరోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఉంటే ఆ గొడవ తప్పుతుంది. కారణం 2016లో తెలిసింది: స్పైరోప్లాస్మా వదిలే ప్రోటీన్ నులిపురుగు రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో ఒక్క అడెనీన్‌ని తీసేస్తుంది. ఆముదపు గింజల్లోని రిసిన్ చేసేదీ సరిగ్గా అదే. ఒక బ్యాక్టీరియా, ఒక ఈగ, ఒక నులిపురుగు, ముగ్గురి సంబంధం రైబోజోమ్‌లోని ఒక్క అక్షరం మీద తేలింది.

టీఆర్‌ఎన్‌ఏ కబురు మోసే పని కూడా చేస్తుందని ఈమధ్యే తెలిసింది. సోయాబీన్ వేళ్లలో బుడిపెలు కట్టే రైజోబియమ్ తన టీఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని మొక్క కణంలోకి పంపి, బుడిపెల్ని అడ్డుకునే మొక్క జన్యువుల్ని అణచివేస్తుందని 2019లో చూపించారు. మొక్క కూడా తక్కువ తినలేదు. మెడికాగో అనే మొక్క తన రైబోజోములమీద దాదాపు 700 రకాల చిన్న పెప్టైడ్లు తయారుచేసి బ్యాక్టీరియా మీదకి వదులుతుంది. వాటివల్ల ఆ బ్యాక్టీరియా విభజన ఆగి, ఉబ్బి, నత్రజని పని మాత్రమే చేసే స్థితికి వస్తుంది. వాటిలో ఎన్‌సీఆర్247 అనేదైతే బ్యాక్టీరియా రైబోజోమ్ ప్రోటీన్లనే పట్టుకుంటుంది.

వైద్యంలో దీని ఉపయోగం గురించి కూడా రెండు మాటలు. బోదకాలు కలిగించే ఫైలేరియా పురుగు మనలాగే కేంద్రకమున్న జీవి, దాని రైబోజోమ్ మీద డాక్సీసైక్లిన్ పనిచేయదు. కానీ ఆ పురుగు లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది, అది లేకపోతే పురుగు సంతానం కనలేదు, క్రమంగా చచ్చిపోతుంది. డాక్సీసైక్లిన్ కొన్ని వారాలపాటు ఇస్తే వోల్బాకియా రైబోజోమ్ ఆగిపోతుంది, వెనకాలే పురుగూ పోతుంది. లోవా లోవా అనే ఫైలేరియాలో వోల్బాకియా లేదు, దానిమీద ఈ చికిత్స పనిచేయదు. దీన్ని మించిన కంట్రోల్ ప్రయోగాన్ని మనం డిజైన్ చేయలేం. మలేరియా పరాన్నజీవిలోని ఎపికోప్లాస్ట్ కూడా ఇలాంటిదే, ఒకప్పటి ఆల్గా నుంచి మిగిలిన కణాంగం. దాని రైబోజోమ్‌ని ఆపే మందు ఇస్తే పరాన్నజీవి వెంటనే చావదు, తర్వాతి తరంలో చస్తుంది. 2011లో ఒక చక్కటి ప్రయోగం చేశారు: ఐపీపీ అనే ఒకే ఒక్క పదార్థాన్ని బయటినుంచి పోస్తే, రక్తకణాల్లో పెరిగే దశలో ఎపికోప్లాస్ట్ లేకుండానే పరాన్నజీవి బతికింది. అంటే ఆ దశలో ఆ సంబంధం మొత్తం ఒక్క పదార్థం కోసమే నడుస్తోంది.

ఇక డేటా సంగతి. ఆతిథ్య జీవితో కలిపి సీక్వెన్స్ చేసిన నమూనాలో చిన్న జీనోమ్ కనిపిస్తే చాలామంది నేరుగా టేబుల్ 11తో, అంటే బ్యాక్టీరియా మామూలు కోడ్‌తో జన్యువులు వెతుకుతారు. ఫలితంలో జన్యువులన్నీ మధ్యలో తెగి, రెండు మూడు ముక్కలుగా కనిపిస్తాయి. "సూడోజీన్లు (పాడైపోయిన జన్యువులు) బాగా ఎక్కువున్నాయి, జీనోమ్ పాడైపోతోంది" అని రాసేస్తారు. ఆ మాట రాసేముందు టేబుల్ 4తో ఒకసారి నడపండి, అందులో యూజీఏ ట్రిప్టోఫాన్. ముక్కలు కలిసి పూర్తి పొడవు జన్యువులైతే అనుమానం బలపడినట్టే, కానీ అంతటితో ఆగకండి. పెద్ద, నమ్మకమైన జన్యువు ఒకటి (ఆర్‌పీవోబీ అయితే బాగుంటుంది) తీసుకుని చుట్టాలతో అలైన్ చేయండి. యూజీఏలున్న చోట్ల చుట్టాలకి ట్రిప్టోఫాన్ ఉందా? తర్వాత ప్రిఫ్‌బీ, అంటే రెండో రిలీజ్ ఫ్యాక్టర్ జన్యువు, ఉందో లేదో చూడండి. ట్రిప్టోఫాన్ టీఆర్‌ఎన్‌ఏ ఆంటీకోడాన్ సీసీఏనా, యూసీఏనా చూడండి. మూడూ ఒకే మాట చెబితే కోడ్ మారినట్టు. రెండు చెప్పి ఒకటి చెప్పకపోతే అసెంబ్లీని (చదివిన ముక్కల్ని జీనోమ్‌గా అతికిన తీరుని) అనుమానించండి.

సింథటేజులు "లేవు" అనేముందు మాత్రం ఇంకాస్త ఓపిక పట్టాలి. కవరేజ్ (ఒక్కో చోటుని ఎన్నిసార్లు చదివామన్నది) తక్కువైనా లేనట్టే కనిపిస్తాయి. అదే నమూనాలో రెండో బ్యాక్టీరియా ఉంటే దాని జీనోమ్‌ని కూడా పూర్తిచేసి, ఆతిథ్య జీవి కేంద్రకంలో బ్యాక్టీరియా మూలం ఉన్న జన్యువులేమైనా చేరాయేమో వెతికి, అప్పుడు మాత్రమే ఇరవై సింథటేజుల పట్టిక వేసి ఏది ఎవరి దగ్గరుందో రాయండి. ఇరవై గడులూ నిండకపోవచ్చు. కొన్ని బ్యాక్టీరియాలు గ్లూటమిన్‌కి విడి సింథటేజ్ లేకుండా, గ్లూటమేట్ తగిలించి తర్వాత దాన్ని గ్లూటమిన్‌గా మార్చుకుంటాయి. ఆస్పరాజిన్ విషయంలోనూ ఇలాంటి పక్కదారి ఉంది. ఆ గడులు ఖాళీగా ఉన్నాయని సహజీవనానికి అంటగట్టకుండా, ముందు ఆ మార్పు చేసే గ్యాట్ ఎంజైము జన్యువుల కోసం చూడండి.